ఎర్ర రిబ్బను కట్టిన పళ్లెం

లాకుపేట, పామర్రు దగ్గర.
ఆదివారం, గుడి నుంచి వచ్చాక.

ప్రభువునందు ప్రియమైన వినీలకి,

పెద్దమ్మ మణెమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మేకలూ, పెరట్లో మునగచెట్టూ క్షేమం. అక్కడ నువ్వూ, మా అల్లుడు జాన్ పాల్, మీ అత్తగారు హెలెన్ గారూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అంటావు. ఫోన్‌లో నువ్వు "బానే ఉన్నా పెద్దమ్మా, ఆఫీసులో ఉన్నా" అని పెట్టేస్తావు. కాగితాన్నయితే నేను చెప్పేది అయ్యేదాకా పెట్టెయ్యలేవు. మన ఆమోసు మినుముల లోడు వేసుకుని ఎటూ విజయవాడ వన్ టౌన్ వస్తున్నాడు. ట్రాలీ ఆటో కృష్ణలంక వైపు తిప్పి ఇది నీ చేతిలోనే పెట్టమన్నాను. జవాబు లేకుండా కదలొద్దన్నాను, కాబట్టి వాడికి మంచినీళ్లివ్వు.

అసలు సంగతికొస్తాను. పంటల పండుగ ఆరాధనలో ప్రభు బల్ల దగ్గర సంస్కారం రొట్టె పళ్లెం నీ ముందుకొస్తే, ముక్క తీసుకోకుండా పక్కకి అందించేశావు. వెనక చాప మీద దానమ్మ చూసింది. దానమ్మ చూసిందంటే పామర్రు బస్టాండు దాకా అందరూ చూసినట్టే.

మన సంఘంలో పళ్లెం దాటనిచ్చారంటే దానికి అర్థం ఉంది. చెప్పుకోలేని పాపమైనా చేసి ఉండాలి, ఎవరితోనైనా తగువుండి సమాధానపడకుండా అయినా ఉండాలి. మొదటిది నీ విషయంలో నమ్మను. కాబట్టి తగువే. ఎవరితోనో రాయి, నేను మాట్లాడతాను. నాతోనే అయితే మరీ తొందరగా రాయి. ఆ రొట్టె నా చేత్తో చేసింది. పొద్దున్నే స్నానం చేసి, పిండి దంచి జల్లించి, ఎవరితోనూ మాటాడకుండా కాల్చాను. దాన్ని నా కూతురులాంటి పిల్లే దాటనిస్తే నాకెలా ఉంటుంది? ఆరాధన అయ్యాక ప్రేమవిందు భోజనాల్లో కూడా అరటిపండు వలుచుకుని గోడవార కూచున్నావు. నాకు అన్నం సయించలేదు.

మొన్న కలొచ్చింది. మన ఇంట్లో పళ్లేలన్నీ బయటికొచ్చి, కాలవగట్టు మీద వరసగా గుడికి నడిచిపోతున్నాయి. ఆఖరిది మాత్రం ఆగిపోయి నీళ్లలో మొహం చూసుకుంటోంది. రావే అంటే రాదు. అంచు సొట్ట చూస్తే నువ్వు చిన్నప్పుడు సెలవలకొచ్చి తినే పళ్లెమే. లేచాక కూడా దాన్ని చేత్తో తడిమి చూసుకున్నాను.

ఈస్టరుకి నువ్వు రావాలి, ఆ పళ్లెంలో తినాలి, ప్రభు బల్ల దగ్గర నా పక్కన కూచోవాలి. నాకు వేరే కోరికేం లేదు.

నీ మేలు కోరే
పెద్దమ్మ మణెమ్మ

తా.క. మాగాయ జాడీ ఖాళీ అయితే పంపు. కాకపోతే ఎందుకు కాలేదో రాయి.

*

కృష్ణలంక, విజయవాడ.
డాబా మెట్ల మీద కూచుని.

ప్రియమైన పెద్దమ్మకి వందనాలు.

ఆమోసన్నయ్య మంచినీళ్లు తాగుతున్నాడు. ఇంత నెమ్మదిగా నీళ్లు తాగే మనిషిని నేను చూడలేదు. గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, జనాభా లెక్కలకొచ్చినవాడిలా చుట్టూ చూస్తున్నాడు.

నాకు ఎవరితోనూ తగువు లేదు పెద్దమ్మా. నీతో అసలే లేదు. ఆ రోజు కడుపులో బాగాలేదు, అంతే. దానికింత ఆలోచించకు.

ఇక్కడి నుంచి కృష్ణ కనిపిస్తోంది. బ్యారేజీ గేట్లు మూసి ఉన్నాయి. నీళ్లు కదలడం మానేసి ఆకాశాన్ని పరుచుకుని పడుకున్నాయి. సాయంత్రం అయ్యేసరికి రోజూ ఇలా వచ్చి కూచుంటాను. కింద వీధిలో బండి మీద పూరీలు వేగే వాసన ఇక్కడిదాకా తేలుకుంటూ వస్తుంది. వాసనకి ఏ అడ్డూ లేదు కదా, హాయిగా పీల్చుకుంటాను.

నీ పళ్లేల కల బాగుంది. నాకూ ఈమధ్య అన్నీ తిండి కలలే. మొన్నటి కలలో నది ఎండిపోయింది, నేను ఇసకలో నడుస్తున్నాను. బ్యారేజీ ప్రతి స్తంభం కిందా ఒకడు నిలబడి పూరీలు వేయిస్తున్నాడు. అవి పొంగి, నూనెలోంచి లేచి, గాల్లోకి ఎగిరిపోతున్నాయి. పైన ఎన్ని పూరీలో, చందమామ ఏదో తెలియలేదు. నేను చెయ్యి చాపానుగాని అందలేదు. ఏడుస్తూ లేచానని జాన్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

ఈస్టరుకి ఆఫీసులో సెలవు దొరకదేమో. చూస్తాను.

నీ
వినీల

తా.క. మాగాయ ఇంకా ఉంది. చాలా బాగా కుదిరింది.

*

లాకుపేట.
బుధవారం.

ప్రియమైన వినీలకి పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివాను. తర్వాత అబద్ధాలు ఎక్కడెక్కడున్నాయో చూసుకుంటూ మళ్లీ చదివాను.

కడుపులో బాగాలేదన్నావు. ఈ ముక్క దానమ్మకి చెప్పడం నా పొరపాటు. పెళ్లయి ఏడాది కాలేదు కాబట్టి అది అదేనని తేల్చేసి, ఉయ్యాల తాళ్ల కోసం అటక ఎక్కింది. నేను నమ్మలేదు. అలాంటి మనిషి మాగాయ జాడీ మూత విప్పకుండా ఉండదు. ఆమోసు చూశాడు. నేను కట్టిన గుడ్డ, నేను వేసిన ముడి అలాగే ఉన్నాయట. మూత తియ్యకుండానే బాగా కుదిరిందని ఎలా తెలిసింది తల్లీ?

వాడు ఇంకోటి కూడా చూశాడు. రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మీ వంటింట్లో నీ పళ్లెం, నీ గ్లాసు, నీ గిన్నెలు వేరే అరలో ఉన్నాయట. వాటికి ఎర్ర రిబ్బను కట్టి ఉందట. పొయ్యి కూడా వేరేనట.

వినీలా, నేను చిన్నప్పుడు మా నాన్నతో చల్లపల్లి వెళ్తే, టీ కొట్టు చూరుకి మనవాళ్ల గ్లాసులు వేరేగా వేలాడుతుండేవి. తాగి, మనమే కడిగి, మళ్లీ అక్కడే తగిలించాలి. నాన్న తాగాడు. నేను తాగనన్నాను. ఇవాళ్టికీ టీ కొట్లో టీ తాగను. ఆ రోజులు పోయాయనుకున్నాను. మన పిల్లకి, ఉద్యోగం చేసే పిల్లకి, సాటి విశ్వాసుల ఇంట్లో వేరు పళ్లెమా?

ఆర్.సి.ఎం. కేథలిక్కుల సంబంధం అన్నప్పుడు ఎవరేమన్నా నేను ఒక్క మాట అనలేదు. మంచివాళ్లన్నారు, ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. నువ్వు కలలో పూరీల కోసం చెయ్యి చాపుతున్నావంటే మెలకువలో ఎవరూ పెట్టడం లేదన్నమాట. మన సంఘ పెద్ద నతానియేలు గారికి చెప్పాను. స్త్రీల సమాజం మొత్తాన్ని ఆమోసు ట్రాలీలో ఎక్కించుకొస్తాను. హెలెన్ గారి వంటింట్లో కూచుని, ఆ రిబ్బను పళ్లెంలోనే ఒకరి తర్వాత ఒకరం తింటాం. ఎవరు ఎవరిని వేరు పెడతారో చూస్తాను.

కోపంతో
పెద్దమ్మ

తా.క. ఆమోసుని ఏమీ అనకు. వాడికి చిన్నప్పటి నుంచీ మంచినీళ్లు నెమ్మదిగా తాగే అలవాటు.

*

కృష్ణలంక.
ఆఫీసుకి ఆలస్యమవుతూ.

పెద్దమ్మా,

దయచేసి ఎవర్నీ ట్రాలీ ఎక్కించకు. ఆ రిబ్బను కట్టింది నేనే. మా అత్తయ్య కాదు. నేను రిబ్బను కట్టిన రోజు ఆవిడ వంటింట్లోకి వచ్చి చూసి, వెళ్లి తన గదిలో కూచుంది. ఆవిడకీ నీలాగే ఏదో గుర్తొచ్చి ఉంటుంది. ఇప్పుడు నా గిన్నెలు ముట్టుకునే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటుంది. ఆవిడ అంత జాగ్రత్తగా ఉంటే నాకు ఏడుపొస్తుంది, ఏడుపు రాకూడదని విసుక్కుంటాను. ఈ ఇంట్లో ఎవరైనా ఎవర్నైనా బాధపెడుతున్నారంటే అది నేనే.

నాకు ఒక జబ్బుంది. ప్రాణానికేం భయం లేదు. మందు కూడా లేదు, ఒక తిండి మానెయ్యడమే మందు. రవ్వంత కూడా తగలకూడదు, అందుకే వేరు గిన్నెలు. ఆ తిండి పేరు రాయను. రాస్తే నువ్వు దాన్ని లాకుపేట పొలిమేర దాటేదాకా తరుముతావు. ఊరందరికీ తెలిసిపోతుంది.

చెప్పడం నాకు చేతకావడం లేదు పెద్దమ్మా. చెబితే మొదట జాలి పడతారు. తర్వాత వాళ్లకి తెలిసిన కషాయం చెబుతారు. ఆ తర్వాత "కొంచెం తింటే ఏమవుతుందిలే" అంటారు. ఆ మాట నీ నోట వింటే తట్టుకోలేను. అందుకే ఎక్కడికీ వెళ్లడం మానేశాను. ఆఫీసులో కేకు కోసినప్పుడల్లా ఉపవాసం అని చెబుతున్నాను. ఇప్పుడు నాకు గొప్ప భక్తురాలినని పేరొచ్చింది. మా మేనేజరు రామకోటేశ్వరరావు గారు నిన్న నా టేబులు దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, వాళ్లబ్బాయి ఇంటర్ కోసం ప్రార్థన చెయ్యమన్నారు. నేను చేశాను కూడా. అబద్ధం చెప్పినందుకు అదో శిక్ష.

ఈస్టరుకి నన్ను పిలవకు. అందరూ ఒక పళ్లెంలోంచి తీసుకుంటుంటే అది నన్ను దాటిపోవడం మళ్లీ చూడలేను.

నీ
వినీల

తా.క. ఆ అబ్బాయి పాసైతే నా గతేంటో ఆలోచిస్తున్నాను.

*

లాకుపేట.
ఈస్టరు ముందటి శ్రమకాలం, శుక్రవారం.

నా తల్లి వినీలకి,

ముందు హెలెన్ గారికి నా క్షమాపణ చెప్పు. ట్రాలీ ఎక్కిన ఆడవాళ్లందర్నీ దింపేశాను. శౌరమ్మ మాత్రం విజయవాడ చూద్దామని కొత్త చీర కట్టుకొచ్చింది, ఇంకా మూతి ముడుచుకునే ఉంది.

ఆ తిండి పేరు నువ్వు రాయకపోతే నాకు తెలీదనుకున్నావా? గోడకి చేరగిలబడి ఆలోచించాను. పంటల పండుగ నాడు నువ్వు ముట్టనివేంటి? బిర్యానీ ముట్టలేదు. బూరె ముట్టలేదు. పరమాన్నం ముట్టలేదు. అన్నిట్లోనూ ఉన్నది బియ్యమే.

నాకు కళ్లు తిరిగాయి. ఈ డెల్టాలో పుట్టిన పిల్లకి బియ్యం పడకపోవడమా? ఇంటి చుట్టూ వరిచేలు, కింద వరిగడ్డి, మాట్లాడితే అన్నం తిన్నావా అని అడిగే మనుషులు. పాపం, ఎవరికని చెప్పుకుంటావు? నేనైతే అసలే చెప్పుకోలేకపోయేదాన్ని. కొంచెం తింటే ఏమవుతుందని నేను అనను. చచ్చినా అనను.

నీకు లేని అన్నం నాకెందుకని నేనూ మానేశాను. మూడు పూటలా చపాతీలే. మొదటి చపాతీ కృష్ణా జిల్లా ఆకారంలో వచ్చింది, అవనిగడ్డ దగ్గర మాడింది. కడుపులో రాయి పడ్డట్టుంది, అయినా బానే ఉంది. దానమ్మ నన్ను చూసి తనూ మానేస్తానంది గాని, మధ్యాహ్నం వాళ్లింట్లో చేపల పులుసు వాసనొచ్చింది.

ఇక ఈస్టరు సంగతి. ఈసారి ప్రభు బల్లకి నేను రొట్టె చెయ్యడం లేదు. వన్ టౌన్ బేకరీలో మంచి గోధుమ రొట్టె చెప్పి తెప్పిస్తున్నాను. నతానియేలు గారు ఒప్పుకోలేదు. మీ అమ్మ నాటి నుంచి వస్తున్న పద్ధతి మణెమ్మా, ఎలా మారుస్తావన్నారు. పద్ధతి కోసం పిల్లని బయట కూచోబెడతామా అన్నాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. సరేనన్నారు.

మళ్లీ కలొచ్చింది. మన చేలో వరి బదులు పొగమంచు పండింది. తెల్లగా, మోకాలి ఎత్తున. నువ్వు కొడవలి పట్టుకుని కోస్తున్నావు, కోసినదాన్ని పన కట్టేలోపే కరిగిపోతోంది. అయినా నవ్వుతూ కోస్తూనే ఉన్నావు. అది మంచికే అనిపించింది.

ఎప్పుడూ నీదాన్నే
పెద్దమ్మ

తా.క. ఆమోసు చేత బస్తాడు గోధుమపిండి పంపుతున్నాను. కడుపు నిండా తిను తల్లీ.

*

కృష్ణలంక.
డాబా మీద. కిందికి వెళ్లడానికి లేదు, ఎందుకో చెబుతాను.

పెద్దమ్మా,

నీ ఉత్తరం కన్నా నీ బస్తా ముందు లోపలికొచ్చింది. ఆమోసన్నయ్య దాన్ని భుజాన వేసుకుని వంటింటి గుమ్మం దాటాడు. గుమ్మానికి క్యాలెండర్ తగిలించే మేకుంది. సంచి బర్రున చిరిగింది.

నిజం చెప్పనా, ఒక్క క్షణం చాలా అందంగా ఉంది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ, అందులో పిండి బంగారంలా లేచి, ఎక్కడా దిగకుండా, అలా తేలుతూ ఉండిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. ఆమోసన్నయ్య కనుబొమలు కూడా తెల్లబడి, ఎవరో దేవదూత చిరునామా అడగడానికి వచ్చినట్టు నిలబడ్డాడు. నేను కదల్లేదు. ఇది నా కలల్లో ఒకటే అనుకున్నాను.

మా అత్తయ్య "ఊపిరి పీల్చకు" అని అరిచి, నా ముక్కుకి చీర చెంగు అడ్డం పెట్టి, చెయ్యి పట్టుకుని డాబా మీదికి లాక్కొచ్చి, బయట గడియ పెట్టింది. ఇప్పుడు కింద ఇల్లంతా కడుగుతోంది. జాన్ నీ ఉత్తరం దులిపి పైకి అందించి, గోడలు తుడుస్తున్నాడు. ఆమోసన్నయ్య చేత ఫ్యాను రెక్కలు తుడిపిస్తున్నారు. నీళ్లయినా తాగనివ్వండి అంటున్నాడు, ఎవరూ వినడం లేదు.

నాకు పడనిది గోధుమ పెద్దమ్మా. బియ్యం కాదు. బియ్యమే నన్ను బతికిస్తోంది. సీలియాక్ అంటారు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు నా పేగుల్ని తినేస్తుంది. ఎన్నేళ్లు గ్యాస్ మాత్రలు మింగానో, ఎంత రక్తం తగ్గిపోయిందో నీకు తెలుసు. గోధుమ మానేశాక ఒంట్లో బాగానే ఉంది. మనసులోనే బాగాలేదు.

బిర్యానీ బియ్యమేగా అంటావు. ఆ గరిటె ముందు దేంట్లో పెట్టారో అడగాలి. బూరెలు వేయించిన నూనెలో ముందు గవ్వలు వేయించారేమో అడగాలి. నీ మాగాయలో ఇంగువ ఉంది, ఇంగువలో గోధుమపిండి కలుపుతారు. అది నీతో ఎలా చెప్పను? ఈ అడగడం జబ్బు కన్నా కష్టంగా ఉంది. పెళ్లిలో వంటవాణ్ణి అడిగితే లైనంతా ఆగిపోయి నన్ను చూస్తుంది. ఎక్కడ కూచున్నా నా ఒక్కదాని కోసం అందరూ ఏదో ఒకటి మార్చుకోవాలి. అలా ఉండటం కన్నా ఆకలితో ఉండటం తేలిక అనిపించింది.

పైన కూచుని నవ్వాను, తర్వాత బాగా ఏడ్చాను. నువ్వు నా కోసం అన్నం మానేశావు. నేనేమో నిన్ను ఒక్క మాట అడగలేకపోయాను.

బేకరీ రొట్టె చెప్పొద్దు. నీ రొట్టే చెయ్యి. ఏదైనా గోధుమే కదా, నేను తినలేను. కాని ఆ రోజు వస్తాను. పళ్లెం దాటనిస్తాను, ఎందుకు దాటనిచ్చానో అందరికీ నేనే చెబుతాను. నీ పక్కన కూచోబెట్టుకుంటావా?

నీ
వినీల

తా.క. రామకోటేశ్వరరావు గారి అబ్బాయి పాసయ్యాడు. ఇవాళ ఆఫీసులో నా టేబులు ముందు వరస కట్టారు. రేపు వాళ్లకీ నిజం చెప్పేస్తాను.

*

లాకుపేట.
మట్టల ఆదివారం, అన్నం తిని.

పిచ్చి తల్లీ వినీలా,

పెద్ద గిన్నెడు అన్నం తిని ఇది రాస్తున్నాను. చపాతీలు తిని నేను పడిన బాధ ప్రభువుకే తెలుసు. అదంతా దేనికంట?

నా రొట్టెలో గోధుమ ఎక్కడిదే?

అది బియ్యపు రొట్టె. మా అమ్మ రోజుల నుంచీ బియ్యపు రొట్టే. మన నేలలో పండేది వడ్లు. కొత్త పంటలో మొదటి దోసెడు తీసి, దంచి, వేణ్ణీళ్లతో కలిపి, పల్చగా తట్టి కాల్చడం మా అమ్మ మొదలుపెట్టింది. మనం కోసింది మనం పెట్టాలి గాని ఎక్కడి పిండో తెచ్చి పెడతామా అనేది. ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చెప్పుకోరు. పట్నంలో పెరిగావు, నీకు తెలీదని మాకు తట్టలేదు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. నిన్ను చంపుతుందని నువ్వు దాటనిచ్చింది, నిన్ను బతికిస్తున్న బియ్యం. గోధుమ తెచ్చి పెట్టబోయింది నేను. నతానియేలు గారికి ఈ సంగతి చెబితే మళ్లీ కళ్లజోడు తీశారు, ఈసారి నవ్వొచ్చి.

గరిటె ఏదని అడగడానికి సిగ్గుపడ్డావు కదా. విను. ఆ రొట్టె పెనం మీద ఇంకేదీ కాల్చం. అట్లకాడ వేరు. గిన్నె వేరు. తుడిచే గుడ్డ వేరు. పిండి మిల్లుకి పంపం, దాని రోలు దానికే ఉంది. ముట్టుకునే ముందు మోచేతుల దాకా కడుక్కుంటాం, మీ అత్తగారిలాగే. ఇంకెవరి చెయ్యీ తగలనివ్వం. పండుగ అయ్యాక పెనానికి గుడ్డ చుట్టి, ముడి వేసి, పై అరలో విడిగా పెడతాం. దాన్ని చూసి ఎవరైనా పాపం ఈ పెనాన్ని వేరు పెట్టారే అని జాలి పడ్డారా?

చల్లపల్లి టీ కొట్టు గ్లాసు గురించి రాశాను. అప్పటి నుంచి వేరుగా పెట్టినదేది చూసినా నాకు ఒకటే అర్థం తోచేది. నీ రిబ్బను కూడా అలాగే చదివాను. ఆ గ్లాసు మనల్ని దూరం పెట్టడానికి. ఈ పెనం మనం దగ్గర పెట్టుకోవడానికి. నీ పళ్లెం ఈ పెనం లాంటిది. నేను బతికుండగా ఇంకోలా అనుకోకు.

ఇంకో మాట. నా చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. రొట్టె ఒక పక్క మందం, ఒక పక్క పల్చన వస్తోంది. నా తర్వాత ఎవరని ఆడవాళ్లంతా అడుగుతున్నారు. దానమ్మకి ఆశ ఉంది గాని, చెయ్యి కడుక్కోవడం మర్చిపోతుంది. ఇందాక గుడి అయ్యాక అందరి ముందూ చెప్పేశాను. ఒక రేణువు కూడా పక్కది తగలకుండా చూసుకునే చెయ్యి మన సంఘంలో ఒక్కటే ఉంది, అది కృష్ణలంకలో ఉంది అన్నాను. ఎవరూ కాదనలేదు.

శనివారం పొద్దున్నే రా. హెలెన్ గారినీ తీసుకురా. ఆవిడ ఏ గుడి బల్ల దగ్గర సంస్కారం తీసుకున్నా సరే, మన ఇంట్లో తినాలి. స్నానం చేసి, రోలు దగ్గర కూచుందాం. పని అయ్యేదాకా మాటాడకూడదు. నాకు కష్టమే, నువ్వు నేర్చుకో. ఈస్టరు ఆదివారం పళ్లెం నీ చేతిలోంచే బయల్దేరుతుంది. దాన్ని దాటనిద్దామన్నా కుదరదు.

ఆమోసు ట్రాలీ పంపుతున్నాను. వాడికి మంచినీళ్లు మాత్రం గుమ్మం బయటే ఇవ్వు.

నీ రాక కోసం చూసే
పెద్దమ్మ మణెమ్మ

తా.క. ఇంగువ లేని మాగాయ వేరే జాడీలో పెట్టాను. ఏ రుచీ లేదు. నీ కోసం తింటాను.

ఇంకో తా.క. మా అమ్మ పెనానికి చుట్టిన గుడ్డ పాతబడి పోగులు ఊడుతోంది. వచ్చేటప్పుడు ఆ ఎర్ర రిబ్బను ఒక మూర పట్టుకురా.